వార్డు హద్దును గూర్చి రైతు తెలిసికొనవలసినది

గోదావరిలో మంజీర కలియుచోట కందకుర్తి గ్రామమున్నది. హరిద్రానదియు అచ్చటనే కలియుటచే దీనిని త్రివేణీసంగమమని పిలుతురు. వరదకాలమున సంగమమందలి పాత శివాలయము నీట మునుగును. శ్రీరాంసాగరు జలాశయము నిండినపుడు వెనుకనీరు ఒడ్డునగల పొలములలోనికి వచ్చును. యాత్రికులకు ఇది పుణ్యక్షేత్రము, రైతులకు వరదభూమి, సర్కారు కాగితములలో మాత్రము సరిహద్దు గ్రామము. గోదావరికి ఆవలియొడ్డు మహారాష్ట్రమందలి నాందేడ్ జిల్లా, ధర్మాబాదు తాలూకా. ఈవలియొడ్డు తెలంగాణమందలి నిజామాబాదు జిల్లా, రెంజల్ మండలము.

ఇట్టి ఊరివారికి హద్దనగా నేమో వేరుగ చెప్పనక్కరలేదు. అయినను ఊరినడుమ, ఇండ్ల వరుసల మధ్య, కంటికి కానరాని హద్దులు మరికొన్ని గలవు. అవి గ్రామపంచాయతి వార్డుల హద్దులు. మనలో పలువురు తమ వార్డు ఏదియో పోలింగునాడు కేంద్రము వాకిట నిలిచినపుడు మాత్రమే తెలిసికొనుచున్నారు. అప్పటికి చేయదగినదేమియు మిగిలియుండదు. కావున ఆ హద్దు ఎట్లు ఏర్పడునో, ఎప్పుడు మాటాడిన ఫలమున్నదో మన సభ్యులు ముందుగ గ్రహించుట మంచిది.

పైనుండి వచ్చిన హద్దులు

1948 సెప్టెంబరు వరకు ఈ ప్రాంతమంతయు నిజాము పాలనలోనిది. నాందేడ్, నిజామాబాదు రెండును ఒకే రాజ్యమందలి జిల్లాలు. నది దాటిన రైతునకు జిల్లా మారెనేగాని రాజ్యము మారలేదు. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన జరిగినది. నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రమునకు పోయినది. కాని ఆ జిల్లాకు చెందిన దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లును, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుబీరు సర్కిళ్లును ఆంధ్రప్రదేశమున నిలిచినవి. అనగా గీత జిల్లానుబట్టి కాక సర్కిలునుబట్టి గీయబడినది. పొరుగు సర్కిళ్లవారు ఒక్కనాటిలో వేరువేరు రాష్ట్రములవారైరి. 1960 మే 1న మహారాష్ట్రము ఏర్పడినందున ఆవలియొడ్డు పేరు మరల మారినది.

ఈ గీత వలన కలిగిన ఫలమును రైతు నీటిలో చూచుచున్నాడు. ధర్మాబాదు తాలూకాలో గోదావరిపై కట్టిన బాబ్లీ బ్యారేజీని గూర్చిన తగవు సుప్రీముకోర్టు దాక పోయినది. ప్రతి సంవత్సరము జూలై 1 మొదలు అక్టోబరు 28 వరకు గేట్లు ఎత్తియుంచవలెనని ఆ న్యాయస్థానము 2013 ఫిబ్రవరి 28న తీర్పు చెప్పినది. ఒకే రాజ్యమున నున్న రెండు ఒడ్డులు రెండు రాష్ట్రములైన పిదప, నీటిమాట ఢిల్లీలో తేలవలసి వచ్చినది.

ఇతర హద్దులును ఇట్లే మారుచు వచ్చినవి. పటేలు పట్వారీల వ్యవస్థ 1984లో రద్దయినది. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. పూర్వము బోధన్ తాలూకాతో వ్యవహరించిన కందకుర్తివారు రెంజల్ మండలమువారైరి. 2008 నాటి నియోజకవర్గముల పునర్విభజనలో బోధన్, రెంజల్, ఎడపల్లి, నవీపేట మండలములు కలిసి బోధన్ శాసనసభా నియోజకవర్గమైనవి. 2016 అక్టోబరు 11న జిల్లాను చీల్చి కామారెడ్డి జిల్లాను ఏర్పరచినపుడు బిచ్కుంద, జుక్కల్ ఆ క్రొత్త జిల్లాకు పోగా, రెంజల్ నిజామాబాదుననే యుండెను.

ఈ హద్దులన్నియు ఢిల్లీలోనో, హైదరాబాదులోనో నిర్ణయింపబడినవి. వార్డుహద్దు మాత్రము ఊరిలోనే, ఇంటి నెంబర్లనుబట్టి ఏర్పడును. దానిని గీయునపుడు ఆ ఊరివాని మాట తిన్నగా చేరును. కనుకనే దీనియందు అలక్ష్యము తగదు.

వార్డు ఎట్లు ఏర్పడును?

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము 2018వ సంవత్సరమున వచ్చినది. దానిననుసరించి గ్రామ జనసంఖ్యనుబట్టి పంచాయతి సభ్యుల సంఖ్య ఉండును. సర్పంచితో కలిపి 5కు తక్కువగాక, 21కి మించక యుండును. ఉదాహరణకు 4,000 జనసంఖ్యగల గ్రామమును తీసికొందము. అట్టి గ్రామమునకు సర్పంచితో 13 మంది సభ్యులు. సర్పంచిని ఊరంతయు ఎన్నుకొనును. మిగిలిన 12 మందికి 12 వార్డులు. అనగా వార్డునకు ఇంచుమించు 333 మంది జనము. ఒక వార్డున 500 మందిని, వేరొకదానిలో 200 మందిని ఉంచినచో, మొదటి వార్డువాని వోటునకు రెండవ వార్డువాని వోటులో సగము విలువయైనను ఉండదు. అందుచేతనే జనసంఖ్యకును స్థానములకును గల నిష్పత్తి సాధ్యమైనంతవరకు అన్ని వార్డులలోను ఒక్కటిగ నుండవలెనని రాజ్యాంగములోని 243-సి అధికరణము చెప్పుచున్నది. ఇందుకు ప్రమాణము ప్రచురితమైన కడపటి జనగణన. 2011 పిదప జనగణన జరుగనందున 2019 ఎన్నికలకు ఆ లెక్కలే ఆధారమైనవి. తరువాతి గణనకు 2027 మార్చి 1ని ప్రమాణదినముగ కేంద్రప్రభుత్వము 2025 జూన్‌లో ప్రకటించినది. క్రొత్త లెక్కలు వెలువడినంతనే వార్డుల సంఖ్యయు హద్దులును మారుటకు అవకాశమున్నది.

ఇచ్చట పొలము హద్దునకును వార్డు హద్దునకును భేదమెరుగవలెను. సర్వే నెంబరు భూమిని చుట్టియుండును. వార్డు ఇండ్లను చుట్టియుండును. కందకుర్తి శివారులో పది ఎకరములున్నను బోధన్ పట్టణమున కాపురముండి అచ్చటనే వోటు నమోదైనవానికి కందకుర్తి వార్డులలో వోటు లేదు. సెంటు భూమిలేని కూలివానికి ఊరిలో నివాసమున్నచో వోటు గలదు. చెరకు రైతులు మరియొక హద్దును ఎరుగుదురు. ఏ గ్రామపు చెరకు ఏ కర్మాగారమునకు చేరవలెనో తెలుపు జోను హద్దు అది. బోధన్ చక్కెర కర్మాగారము 2015 డిసెంబరున మూతపడినంతనే ఆ హద్దునకు అర్థము తప్పినది. వార్డుహద్దు అట్టిది కాదు. ఊరిలో మనుషులున్నంతకాలము అది పనిచేయుచునేయుండును.

గీత యొక్క ఫలము

గీత కొంచెము జరిగినందున ఏమి మునిగిపోవునని కొందరనవచ్చును. రెండు విషయములు చూడుడు.

మొదటిది రిజర్వేషను. షెడ్యూల్డు కులములవారి జనసంఖ్య పాలు ఏ వార్డులలో ఎక్కువయో ఆ వార్డులు ముందుగ వారికి కేటాయింపబడును. ఒక వాడ అంతయు ఒకే వార్డున నున్నచో ఆ పాలు స్పష్టముగ కనబడును. అదే వాడను నడిమికి చీల్చి రెండు వార్డులలో కలిపినచో రెంటియందును వారి సంఖ్య పలుచనై, స్థానము వేరొక చోటికి పోవచ్చును. జనము మారలేదు, ఇండ్లు కదలలేదు. గీత మాత్రమే కదలినది. స్థానములలో సగము స్త్రీలకు కేటాయింపబడుటయు వార్డులవారీగనే జరుగును.

రెండవది ధనము. వార్డు సభ్యుడు ఊరక చేయియెత్తువాడు కాడు. ఉపసర్పంచి ఎన్నిక జరుగునది పంచాయతి సభలోనే. 2018 చట్టము వచ్చిన పిదప, 2019లో, పంచాయతి చెక్కులపై సర్పంచితోపాటు ఉపసర్పంచియు సంతకము చేయు పద్ధతి ఏర్పడినది. వీధిదీపము, మురుగుకాలువ, మంచినీటి గొట్టము, పొలముబాట వీనికి వ్యయమగు ప్రతి రూపాయియు ఆ సభనుండి వెడలవలసినదే. వార్డు సరిగ ఏర్పడనిచో ఆ సభయందు మన వీధి తరఫున అడుగువాడుండడు.

ఎన్నికల చరిత్ర

తెలంగాణమున పంచాయతులకు 1956 నాటి హైదరాబాదు గ్రామపంచాయతుల చట్టము, ఆంధ్రప్రాంతమున 1950 నాటి మద్రాసు చట్టము అమలులోనుండెను. 1959లో పంచాయతి సమితులు, జిల్లాపరిషత్తులు వచ్చినవి. 1964లో రెండు ప్రాంతములకు ఒకే గ్రామపంచాయతుల చట్టమేర్పడినది. 1970లో ఎన్నికలు జరిగిన పిదప మరల 1981 వరకు జరుగలేదు. పదునొకండు సంవత్సరములలో ఒక తరము యువకులు పంచాయతి వోటు రుచి చూడక పెద్దవారైరి. 1988లో ఎన్నికలు జరిగి మరల ఆలస్యమైనది.

ఈ చిక్కును తీర్చుటకే రాజ్యాంగ 73వ సవరణ వచ్చి 1993 ఏప్రిలు 24న అమలులోనికి వచ్చినది. పంచాయతి కాలము అయిదేండ్లు. అది తీరకమునుపే ఎన్నికలు జరుగవలెను. జరుపువారు స్వతంత్రమైన రాష్ట్ర ఎన్నికల సంఘమువారు. దాని ననుసరించి 1995, 2001, 2006 సంవత్సరములలో ఎన్నికలైనవి. అయినను 2011లో కాలము తీరినపుడు ఎన్నికలు జరుగలేదు. 2013 వరకు ప్రత్యేకాధికారులే పాలించిరి. తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిదప 2018లో సుమారు 4,380 క్రొత్త పంచాయతులు ఏర్పడి మొత్తము 12,700 దాటినవి. తండాలు, శివారుపల్లెలు వేరైనచోట తల్లిగ్రామమందలి వార్డులు మరల గీయవలసివచ్చినది. 2019 జనవరిలో మూడు విడతలుగ ఎన్నికలు జరిగెను. ఆ సభల కాలము 2024 ఫిబ్రవరి మొదట ముగిసినది. మరల ప్రత్యేకాధికారులే వచ్చిరి. ఎన్నికైన సభలు లేనందున కేంద్ర ఆర్థికసంఘము సిఫారసు చేసిన నిధులు నిలిచిపోయినవి. తుదకు 2025 డిసెంబరు 11, 14, 17 తేదీలలో ఎన్నికలు జరిగినవి.

సవరణ వచ్చినను సమయమునకు ఎన్నికలు జరుగవలెనన్న మాట నిలువలేదని ఈ చరిత్ర తెలుపుచున్నది. ఆలస్యమైన ఎన్నిక ప్రకటింపబడినపుడు పనులన్నియు తొందరపడును. జాబితాలను పరిశీలించుకొనుటకు దొరకు దినములు అప్పుడు కొలదియే.

సభ్యులు చేయవలసినది

1. పంచాయతి వోటర్ల జాబితా శాసనసభ వోటర్ల జాబితానుండి తయారగును. అందులేని పేరు ఇందుండదు. పదునెనిమిదేండ్లు నిండిన యువకులను ముందుగ అందు నమోదు చేయింపవలెను. సంవత్సరమునకు జనవరి, ఏప్రిలు, జూలై, అక్టోబరు నెలల మొదటితేదీలు ఇందుకు ప్రమాణదినములు.

2. ఒకనికి ఒకేచోట వోటు. పట్టణమున వోటు నమోదైయుండి ఊరిలోను పేరుంచుకొనుట చట్టవిరుద్ధము.

3. వార్డుల ముసాయిదాయు, వార్డులవారీ జాబితాయు పంచాయతి కార్యాలయమున ప్రకటింపబడినపుడు పోయి చూడవలెను. తన ఇంటి నెంబరు ఏ వార్డున నున్నది? ఇంటివారందరు ఒకే వార్డుననున్నారా? చనిపోయినవారి పేర్లు తీసివేసిరా? పొరుగు వీధి నడుమ విరిగినదా?

4. తప్పున్నచో గడువులోపల వ్రాతమూలకముగ ఆక్షేపణ ఇచ్చి, ముట్టినట్లు రసీదు పొందవలెను. నోటిమాట ఫైలున చేరదు.

ఈ నాల్గవదానిని గట్టిగ చెప్పుటకు కారణమున్నది. నియోజకవర్గముల విభజనకు, స్థానముల కేటాయింపునకు సంబంధించిన శాసనముల చెల్లుబాటును న్యాయస్థానములు ప్రశ్నింపరాదనియు, ఎన్నికను ఎన్నికల పిటిషను ద్వారా తప్ప ప్రశ్నింపరాదనియు 243-ఓ అధికరణము శాసించుచున్నది. ముసాయిదానాడు ఒక కాగితముతో సరిపోవు పని, ఎన్నిక ముగిసిన పిదప వకీలును పెట్టి సంవత్సరములు తిరిగినను కాకపోవచ్చును.

మన సంఘపు హద్దు

ఇదే విధముగ ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములకును ప్రాదేశిక నియోజకవర్గములు గలవు. 2020 ఫిబ్రవరి 15న జరిగిన ఎన్నికలలో ఒక్కొక్క సంఘమునకు 13 మంది డైరెక్టర్లను ఈ నియోజకవర్గములనుండి ఎన్నుకొనిరి. ఇవి పంచాయతి వార్డులు కావు. వార్డు నివాసమునుబట్టి, ఇది సంఘ సభ్యత్వమునుబట్టి ఏర్పడును. ఒక సంఘము క్రింద పలు గ్రామములుండును. కాబట్టి ఒక పెద్ద గ్రామమునకు రెండు మూడు నియోజకవర్గములు, చిన్న గ్రామములు రెండింటికి ఒకటి ఉండవచ్చును. వార్డున వోటున్నది గదా యని సంఘపు జాబితాను చూడకుండుట పొరపాటు. ఒకదానిలో పేరున్నంతమాత్రమున రెండవదానిలో ఉండదు. తండ్రి మరణించిన పిదప భూమి కొడుకుల పేర మారినను, వారు సంఘమున వేరుగ సభ్యులు కానిచో వారికి వోటు రాదు.

పొలముగట్టు జానెడు జరిగినచో రైతు ఆ దినముననే కనుగొని సర్వేయరును పిలుచును. వార్డుగీత జరిగినచో ఆ సంగతి నోటీసు బోర్డు తప్ప వేరెవ్వరును చెప్పరు. జాబితాలు ప్రకటింపబడునపుడు సంఘ కార్యాలయమునకు ఎరువులకై వచ్చు సభ్యులు పంచాయతి కార్యాలయమునకును పోయి తమ ఇంటి నెంబరును చూచుకొనవలెననియు, చదువురాని పొరుగువారికి చదివి వినిపింపవలెననియు కోరుచున్నాము.