ఇప్పచెట్టు కింద 1600

మార్చి, ఏప్రిల్ నెలల్లో భద్రాచలం చుట్టుపక్కల కోయగూడేలు తెల్లవారకముందే లేస్తాయి. రాత్రంతా రాలిన ఇప్పపూలను ఎండెక్కేలోపు, పశువులు చేరేలోపు ఏరుకోవాలి. పూలు బాగా కనబడాలని చెట్టు కింద ఎండుటాకులను ముందే ఊడ్చి కాల్చేస్తారు. మాడిన నల్లటి నేల, దానిమీద లేత పసుపు పూలు, బుట్టలతో వంగిన ఆడవాళ్లు, అక్కడక్కడ ఒక టార్చిలైటు. ఖమ్మం వైపు అడవి అంచు నుంచి గోదావరి అవతల దుమ్ముగూడెం, చర్ల దాకా ఏటా కనిపించే దృశ్యమిది. ఫొటో తీద్దామంటే మాత్రం వెలుగు చాలదు.

ఫ్లాష్ వేస్తే పని చెడుతుంది. ఎదురుగా ఉన్న ముఖం తెల్లగా పాలిపోతుంది. వెనకున్న చెట్టు, పొగ, తూర్పున విచ్చుకుంటున్న వెలుతురు అన్నీ నల్లబడిపోతాయి. యాషికా ఎంఎఫ్-2, కొడాక్ కేబీ10 కెమెరాల కాలం నాటి పెళ్లి ఆల్బమ్ ఎవరింట్లో ఉన్నా ఒకసారి తిరగేస్తే ఈ సంగతి తెలిసిపోతుంది. పైగా చీకట్లో పనిచేసుకుంటున్న మనిషి కళ్లలోకి మెరుపు కొట్టడం మర్యాద కాదు.

దీనికి ఫిల్మ్ కెమెరా వాడేవాళ్లు చేసే ఉపాయమే రీలును పుష్ చేయడం. 400 వేగం (ఐఎస్ఓ) ఉన్న నలుపు తెలుపు రీలును 1600 అనుకుని తీస్తారు. అంటే ప్రతి ఫ్రేముకూ అందాల్సిన వెలుగులో నాలుగో వంతే అందుతుంది. ఆ లోటును రీలు కడిగేటప్పుడు డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచి పూడుస్తారు. ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్‌ను మైక్రోఫెన్ డెవలపర్‌లో 20 డిగ్రీల దగ్గర కడిగితే 400కు ఆరున్నర నిమిషాలు, 1600కు 11, 3200కు 16 నిమిషాలు పడుతుంది.

గుడిసెలో పొయ్యి వెలుగునే లెక్కకు తీసుకుందాం. ఎఫ్ 2.8 లెన్సుతో 100 రీలు మీద తీయాలంటే షట్టర్ దాదాపు అర సెకను తెరిచి ఉండాలి. 400కు సెకనులో ఎనిమిదో వంతు, 1600కు ముప్పయ్యో వంతు చాలు. అర సెకను ఏ చేతిలోనూ కెమెరా కదలకుండా నిలవదు. ముప్పయ్యో వంతు సెకను నిలుస్తుంది. చిన్న కెమెరాలో ఎగిరిపడే అద్దం ఉండదు కాబట్టి ఇంకా సులువు.

ఇంత వేగమైన రీళ్లు లేని రోజుల్లో ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1941లో పాపికొండల్లో కొండరెడ్ల మధ్య పనిచేశాడు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల హైదరాబాద్ సంస్థానంలోనే ఉండిపోవాల్సి వచ్చిన కాలమది. ఆ కొండరెడ్ల మీద ఆయన పుస్తకం 1945లో వచ్చింది. ఆయన తీసిన ఫొటోల సంపద ఇప్పుడు లండన్‌లోని సోయాస్‌లో ఉంది. అప్పట్లో వేగానికి పేరుపడ్డ కొడాక్ సూపర్ ఎక్స్‌ఎక్స్ రీలు కూడా నాటి కొలతల్లో 100 దగ్గరే. మామూలుగా కడిగే ఆ రీలుతో పొయ్యి పక్క ముఖాన్ని చేత్తో పట్టుకుని తీయడం ఎంత కష్టమో పై లెక్కే చెబుతుంది. 35 మి.మీ. ట్రై-ఎక్స్ 1954లో గానీ రాలేదు.

ఇక కెమెరా. జూమ్ ఉన్నవాటి జోలికి పోకపోవడం మంచిది. జూమ్ లాగేకొద్దీ లెన్సు ఎఫ్ 8కో, ఇంకా కిందికో పడిపోతుంది; ఎఫ్ 2.8తో పోలిస్తే ఎఫ్ 8లో అందేది ఎనిమిదో వంతు వెలుగే. 1979 నాటి ఒలింపస్ ఎక్స్‌ఏ, 1997 నాటి ఒలింపస్ మ్యూ-2 రెండింటికీ 35 మి.మీ. ఎఫ్ 2.8 లెన్సే. ఎక్స్‌ఏలో రీలు వేగం చేత్తో పెట్టుకోవచ్చు, కానీ 800 దాకానే. మ్యూ-2 పరారుణ కిరణాలతో దూరం కొలుచుకుంటుంది, అందువల్ల కటిక చీకట్లోనూ ఫోకస్ చేస్తుంది. తెరిచిన ప్రతిసారీ ఫ్లాష్‌ను మళ్లీ ఆఫ్ చేయాలి, అదొక్కటే చికాకు.

మ్యూ-2లో వేగం మార్చే బటన్ లేదు. 1983లో కొడాక్ తెచ్చిన డీఎక్స్ కోడ్‌ను, అంటే రీలు డబ్బా మీది వెండి, నలుపు గళ్లను అది చదువుకుంటుంది. కిటుకు ఇక్కడే ఉంది. ఒక్కో వరసలో ఆరు గళ్లు. వేగాన్ని చెప్పే వరసలో 400కూ 1600కూ తేడా ఒకే ఒక్క గడి, మొదటి నుంచి మూడోది. 400 డబ్బా మీద అది నల్లగా ఉంటుంది. బ్లేడుతో ఆ రంగు గీకి లోహం బయటపెడితే కెమెరా దాన్ని 1600గా చదువుతుంది. రెండోదీ మూడోదీ గీకితే 3200. ఇంత పెద్ద పనిని గోరంత గడి తీర్చేస్తుంది!

అయితే పుష్ చేయడం వెలుగును పుట్టించదు. రసాయనం ఎంతసేపు పనిచేసినా, ఒక మోతాదు వెలుగు తగలని వెండి రేణువు మేలుకోదు. వెలుగు పడిన చోట్లు మాత్రం ఇంకా చిక్కబడతాయి. ఫలితం: నీడలు గాఢమైన నలుపు, దీపాలు మితిమీరిన తెలుపు, బొమ్మంతా గరుకు. ఇప్పచెట్టు కింద ఆ గరుకు అందమే. ముక్కోటి ఏకాదశి ముందురోజు సాయంత్రం భద్రాచలంలో జరిగే తెప్పోత్సవంలో మాత్రం దెబ్బతీస్తుంది. నల్లటి గోదావరి, నడుమ విద్యుద్దీపాల్లో మెరిసే హంసవాహనం. కెమెరా మీటరు నది చీకటిని చూసి ఎక్కువ వెలుగు తీసుకుంటుంది, హంస తెల్లగా కాలిపోతుంది. అక్కడ 800 చాలు, స్పాట్ మీటరును వాహనం మీదే పెట్టాలి. మర్నాడు తెల్లవారుజామున ఉత్తరద్వారం తెరిచే ధూపపు పొగలోకి 1600 రీలు కావాలి.

రంగుల రీలుతో ఇదంతా ఇంట్లో చేయడం కష్టం. దాని డెవలపర్ దాదాపు 38 డిగ్రీల దగ్గర మూడుంపావు నిమిషాల లెక్కతో నడుస్తుంది, ల్యాబ్ యంత్రాలూ ఆ లెక్కకే బిగించి ఉంటాయి. నలుపు తెలుపుకు బక్కెట్టు, ట్యాంకు, గడియారం చాలు. కానీ కొత్తగూడెం, భద్రాచలం ఎండల్లో కుళాయి నీళ్లే 30 డిగ్రీలు దాటుతాయి. నాలుగు డిగ్రీలు పెరిగితే సమయం దాదాపు మూడో వంతు తగ్గించాలి. అంతకంటే ఐసు గడ్డలు వేసిన బక్కెట్లో సీసాలన్నీ ముంచి 20కి దించుకోవడమే నయం. కడిగే నీళ్లూ అంతే చల్లగా ఉండాలి.

ఒక రీలు మొత్తం ఒకే వేగంలో తీయాలి, సగంలో మారిస్తే కడిగేటప్పుడు కుదరదు. ల్యాబ్‌కు ఇచ్చేవాళ్లు డబ్బా మీద మార్కర్‌తో 1600 అని పెద్దగా రాయాలి, నోటితోనూ చెప్పాలి. లేకపోతే 400గా కడిగేస్తారు. నెగెటివ్ పలచబడి, వేకువజామున ఏరిన పూలేవీ కాగితం మీదికి రావు.