గడప దాకా వచ్చింది, మాట దాకా రావాలి

2021 ఆగస్టు 5న తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.కె. స్టాలిన్ ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకాన్ని కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లి అనే పల్లెలో ప్రారంభించారు. జనాన్ని వెతుక్కుంటూ వెళ్లే వైద్యం అది. బీపీకీ షుగరుకీ మాత్రలు ఇంటికే వస్తాయి. మంచాన పడ్డవాళ్లను చూడటానికి నర్సు వస్తుంది. పక్షవాతంతో చెయ్యీ కాలూ పడిపోయినవాళ్ల చేత వ్యాయామం చేయించడానికి ఫిజియోథెరపిస్టు వస్తారు. ఇంట్లోనే డయాలసిస్ చేసుకునేవాళ్లకు ద్రవం సంచులు అందుతాయి. 2024లో ఐక్యరాజ్యసమితి తరఫున ఈ పథకానికి అవార్డు కూడా వచ్చింది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు పెద్దవాళ్ల గురించి మాట్లాడాలంటే ఇక్కడినుంచే మొదలుపెట్టాలి. ఆసరా ఎంత దగ్గరికొస్తే ముసలితనానికి అంత మేలని ఒక ప్రభుత్వం ఒప్పుకున్నది ఈ గడ్డమీదే. అయితే ఆ ఆసరా గడప దగ్గరే ఆగిపోతే చాలదు. ఈ జిల్లాలో ఉన్న తెలుగు, కన్నడ పెద్దల విషయంలో అది వాళ్ల మాట దాకా రావాలి.

ఇంటింటికీ మాత్రలు పంచే బదులు పెద్దాస్పత్రులు కట్టొచ్చు కదా అనేవాళ్లున్నారు. ఆస్పత్రులు కావలసిందే, కృష్ణగిరి ప్రభుత్వ వైద్య కళాశాల 2022 జనవరిలో ప్రారంభం కావడం ఈ జిల్లాకు పెద్ద మేలు. కానీ పెద్దవయసులో మనిషిని కూలదోసేది చాలాసార్లు ఏళ్ల తరబడి పట్టించుకోని బీపీయే, షుగరే. 2017-18లో పెద్దవయసు మీద దేశమంతటా జరిగిన లాసీ సర్వేలో 60 దాటినవాళ్లలో నూటికి 75 మందికి ఏదో ఒక దీర్ఘకాలిక జబ్బు ఉన్నట్టు తేలింది. తమిళనాడులో 2020లో జరిగిన మరో సర్వే ప్రకారం, బీపీ ఉన్నవాళ్లలో అది అదుపులో ఉన్నది నూటికి ఏడుగురికే. షుగరు అదుపులో ఉన్నవాళ్లు పదకొండు మంది. 2023-24లో మళ్లీ చూస్తే రెండూ 17 దగ్గరికి చేరాయి. ఈ లెక్కలు అన్ని వయసులవాళ్లవీ కలిపినవి, పెరుగుదలంతా ఈ పథకం వల్లే అనడానికీ వీల్లేదు. అయినా మాత్ర ఇంటికి రావడానికీ, మాత్ర వేసుకోవడానికీ మధ్య సంబంధం లేదని ఎవరూ అనలేరు. అంచెట్టి, తళి, వేపనపల్లి వైపు ఊళ్ల నుంచి ప్రభుత్వాస్పత్రికి రావాలంటే బస్సు దొరకాలి, తోడు వచ్చే కొడుకో కూతురో ఆ రోజు కూలి వదులుకోవాలి. మోకాళ్ల నొప్పులు పుట్టిన మనిషి ముందు మానుకునేది ఆ ప్రయాణాన్నే. ఇంటికి వెళ్లినవాళ్లకు ఆస్పత్రిలో కనపడని సంగతులు కూడా కనపడతాయి: తడి ఆరని బచ్చలిగచ్చు, ఎత్తు గడప, రాత్రిపూట వెలగని లైటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు, వాళ్లలో 60 దాటినవాళ్లే ఎక్కువ. స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒక కమ్మీ బిగించడం తుంటి ఆపరేషన్ కంటే ఎంత చవకో చెప్పనక్కర్లేదు.

ఈ జిల్లాకు ప్రత్యేకమైన బాధ ఇంకొకటుంది. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో చాలాచోట్ల బోరునీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. తాగే నీళ్లలో అది లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదు. మించిన నీళ్లను ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లకు గార పడుతుంది, తర్వాత కీళ్లు బిగుసుకుంటాయి, చివరికి వెన్ను వంగిపోతుంది. ఎముకలకు పట్టిన ఫ్లోరైడును వెనక్కి తీసే మందు లేదు. జపాన్ సంస్థ జైకా అప్పుతో కట్టిన హొగెనకల్ తాగునీటి పథకం 2013లో మొదలై ఈ రెండు జిల్లాలకూ కావేరి నీళ్లు తెచ్చింది. పుట్టబోయే పిల్లలకు అది వరం. కానీ పడుచుతనమంతా ఆ బోరునీళ్లు తాగి ఇప్పుడు అరవైలు, డెబ్భైలలో ఉన్నవాళ్లు ఆ నొప్పిని మోసుకుంటూనే ముసలివాళ్లయ్యారు. కింద కూర్చోలేనివాళ్లను, మెడ తిప్పలేనివాళ్లను నెలకోసారి ఆస్పత్రికి రమ్మంటే వాళ్లెలా వస్తారు? ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు విలువ తెలిసేది ఇలాంటి చోటే. ఈ జిల్లాలో ఆ పోస్టులు రాష్ట్రపు సగటుతో కాకుండా ఇక్కడి ఎముకల పరిస్థితిని బట్టి నిర్ణయించాలి.

ఇక మాట సంగతి. హోసూరు ప్రాంతం ఒకప్పుడు సేలం జిల్లాలో ఉండేది, 1965లో ధర్మపురిలోకి, 2004లో కృష్ణగిరిలోకి వచ్చింది. ఏ జిల్లాలో ఉన్నా ఇక్కడి ఇళ్లల్లో తెలుగు, కన్నడ, తమిళం కలిసే బతికాయి. దాంతో ఎదురయ్యే అభ్యంతరం సహజమైనదే: ఈ పెద్దవాళ్లందరికీ తమిళం వచ్చు, సంతలో మాట్లాడతారు, పక్కింటివాళ్లతో మాట్లాడతారు, పైగా ఈ పథకం కింద మాత్రలు తెచ్చిచ్చే వలంటీరు ఆ ఊరి ఆడమనిషే, మరి చిక్కెక్కడ? చిక్కు చదవడంలో ఉంది. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం రాకముందు తెలుగు బడుల్లో చదివినవాళ్లు తెలుగే రాస్తారు, చదువుతారు. బడి మొహం చూడనివాళ్లు మరెందరో. ఇప్పుడు మనవలకు తమిళం చదవడం వచ్చు, అవ్వాతాతలకు రాదు. మందుచీటీ, పింఛను దరఖాస్తు, ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ పెట్టే సంతకం అన్నీ తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. మనవడు చదివి చెబుతాడులే అంటే, మూత్రం ఆగడం లేదన్న మాట, బతకాలని లేదన్న మాట మనవడి నోటి మీదుగా డాక్టరుకు చేరాలా? సంతలో బేరానికి చాలే భాష గుండెలో గుబులు చెప్పుకోవడానికి చాలకపోవచ్చు.

మతిమరుపు జబ్బు విషయంలో ఇది మరీ తీవ్రం. డిమెన్షియా ముదిరేకొద్దీ తర్వాత నేర్చుకున్న భాష జారిపోయి, తల్లిభాషలోకి వెళ్లిపోయే మనుషులు ఎందరో ఉంటారు. అలాంటి మనిషిని తమిళంలో ప్రశ్నలడిగి, జవాబు రాలేదు కాబట్టి జబ్బు ఇంత ముదిరిందని రాసుకుంటే అది తప్పుడు లెక్క. భాషకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం మీద తెలుగునేలలోనే జరిగిన పరిశోధన ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లకు ఈ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చినట్టు తేలింది. చదువురానివాళ్లలోనూ ఈ తేడా కనపడింది. మూడు భాషల్లో మసలే హోసూరు పెద్దవాళ్లకు ఇది ఎంత ధైర్యమిచ్చే మాట! వాళ్ల తెలుగునూ కన్నడాన్నీ పాలనకు అడ్డుగా చూడకూడదు. ఆ భాషలు వాళ్ల మెదడుకు కాపు కాస్తూ ఉండొచ్చు. ఆ పరిశోధకురాలు ఇప్పుడు పనిచేస్తున్న నిమ్హాన్స్ ఆస్పత్రి హోసూరుకు 40 కిలోమీటర్ల లోపే, బెంగళూరులో ఉంది. కృష్ణగిరి జిల్లా ఆరోగ్య శాఖ అక్కడి తోడు తీసుకుని, జ్ఞాపకశక్తి పరీక్షను మూడు భాషల్లోనూ చేసే ఏర్పాటు చేసుకుంటే అడ్డేముంది?

భాష తెలియకపోవడం వల్ల ఒంటికే కాదు, ఆస్తికీ చేటే. టీవీఎస్, అశోక్ లేలాండ్, టైటాన్ ఫ్యాక్టరీలు, సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చాక హోసూరు చుట్టుపక్కల రాగిచేల ధర ఎక్కడికో వెళ్లింది. బతికుండగానే పిల్లల పేర భూమి, ఇల్లు సెటిల్‌మెంట్ రాసివ్వడం మామూలైంది. ఆ పత్రం తమిళంలో ఉంటుంది. దాన్ని చదివి వినిపించేది ఒక్కోసారి ఆ ఆస్తి పుచ్చుకునే మనిషే. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి తీసుకుని చూడకపోతే ఆ బదిలీని రద్దు చేయొచ్చు. షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ఈ చట్టాన్ని పెద్దలకు మేలు జరిగేలా ఉదారంగా చదవాలని 2025 జనవరిలో అదే కోర్టు అన్నది. పత్రంలో షరతు రాయకపోయినా ప్రేమాభిమానాలతో ఇచ్చినప్పుడు అది అందులోనే ఉన్నట్టని ఆ మార్చిలో మద్రాసు హైకోర్టు నాగపట్నం కేసులో తీర్పు చెప్పింది. ఇంత రక్షణ ఉన్నా, ఈ చట్టం ఒకటుందని తెలిసినవాళ్లు దేశంలోని పెద్దల్లో నూటికి 12 మందేనని లాసీ సర్వే చెబుతోంది. కోర్టుల దాకా పోయే ఓపిక లేనివాళ్లు చేయగలిగింది ఒకటుంది: నన్ను పోషించాలి, లేకుంటే ఈ పత్రం చెల్లదు అన్న వాక్యం పట్టుబట్టి రాయించుకోవడం, ఆస్తితో సంబంధం లేని మనిషి చేత పత్రమంతా తెలుగులో చెప్పించుకున్నాకే వేలిముద్ర వేయడం. ఈ చట్టం కింద ఫిర్యాదు కోర్టుకు వెళ్లదు, హోసూరులో సబ్ కలెక్టరు, కృష్ణగిరిలో ఆర్డీవో దాన్ని వింటారు. పోషణ కింద నెలకు 10,000 రూపాయల వరకూ ఇప్పించే అధికారం వాళ్లకుంది.

అమ్మానాన్నలను చూసుకోవలసింది పిల్లలే, మధ్యలో సర్కారెందుకనే మాటను తేలిగ్గా తీసిపారేయలేం. ఆ మాట వెనక మంచి విలువ ఉంది. కానీ చూసుకోవడమంటే ఎవరి పని? చాలా ఇళ్లల్లో అది కోడలి పని, లేదా పెళ్లికాని కూతురి పని. కొడుకు షిఫ్టుకు పోతాడు, లేదా అత్తిబెలె దాటి బెంగళూరులో ఉంటాడు. పుండ్లు పడకుండా మంచం మీది మనిషిని ఎలా తిప్పాలో నేర్పే నర్సు వారానికోసారి వస్తే ఆ కోడలికి ఊపిరి ఆడుతుంది. ఇంట్లోవాళ్ల బాధ్యత తగ్గదు, దాన్ని మోసే ఓపిక పెరుగుతుంది. డబ్బు కూడా అంతే. తమిళనాడులో ఓఏపీని, అంటే వృద్ధాప్య పింఛనును, 2023 ఆగస్టులో 1,000 నుంచి 1,200 రూపాయలకు పెంచారు. వేపనపల్లి దాటితే ఆంధ్రప్రదేశ్‌లో వచ్చే కుప్పంలో 2024 జూలై నుంచి 4,000 ఇస్తున్నారు. రెండు రాష్ట్రాల ఖజానాలూ అర్హత నియమాలూ ఒకటి కావు, కాబట్టి అంకెకు అంకె పోల్చి ఒకరిని తిట్టడం సరికాదు. కానీ నెలకు 1,200తో బియ్యం రేషన్‌లో వచ్చినా కూర, పాలు, బస్సు ఖర్చు గడవవన్నది సరిహద్దుకు ఏ వైపున ఉన్నా నిజమే.

మూడు భాషల్లో సేవలంటే ఖర్చు మోపెడవుతుందన్నది చివరి అభ్యంతరం. టెలీ మానస్ మానసిక ఆరోగ్య సేవ 14416 నంబరులో 20 భాషల్లో నడుస్తోంది, తెలుగు అందులో ఒకటి. దేశమంతటికీ చేయగలిగింది ఒక జిల్లాకు చేయలేమా? వృద్ధుల సహాయ నంబరు 14567కు ఈ జిల్లా నుంచి ఫోన్ చేసేవాళ్లకూ తెలుగు, కన్నడం ఎంచుకునే వీలుండాలి. మందు కవరు మీద ఉదయం, రాత్రి అని సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ అచ్చువేయడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం కేంద్రంలోగానీ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఎవరైనా అధికారికి విన్నపం ఇచ్చుకోవచ్చు. కృష్ణగిరి కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారు. ఓఏపీ ఆగిపోయిన అవ్వ, ఆస్తి రాసిచ్చి వీధిన పడ్డ తాత అక్కడ తెలుగులోనే రాసివ్వొచ్చు. దాన్ని తీసుకుని, చదివే మనిషిని పక్కన పెట్టుకుని జవాబివ్వడం ఆఫీసు పని. తెలుగు సంఘాలు బడుల కోసం ఇన్నాళ్లూ పోరాడాయి, అది న్యాయమైన పోరాటం. ఇకపై ప్రతి సోమవారం ఇద్దరు వలంటీర్లు ఆ ఆఫీసు వరండాలో కూర్చుని పెద్దవాళ్ల అర్జీలు రాసిపెట్టే పనిని కూడా అవి చేపట్టాలి.