వింటేజ్ ట్రంకులు: అటక మీద తాతల నాటి పెట్టె ఉందా? హాల్లోకి తెచ్చేముందు ఇవి తప్పక చూడండి!

ఒకప్పుడు ఊరెళ్లాలన్నా, హాస్టల్లో చేరాలన్నా, కొత్త పెళ్లికూతురు అత్తారింటికి వెళ్లాలన్నా ట్రంకు పెట్టె ఉండాల్సిందే. తర్వాత సూట్‌కేసులు, చక్రాల బ్యాగులు వచ్చాయి. పెట్టె అటకెక్కింది. ఇప్పుడు అదే పెట్టె మళ్లీ కిందికి దిగుతోంది.. అదీ నేరుగా హాల్లోకి! సోఫా ముందు టీపాయ్‌గా, మంచం పక్కన టేబుల్‌గా పాత ట్రంకులను వాడేస్తున్నారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ చూసుకోవాల్సిన జాగ్రత్తలూ ఉన్నాయి. ముఖ్యంగా చిన్నపిల్లలున్న ఇళ్లలో!

మూత చూసి వయసు చెప్పొచ్చా?

కొంతవరకు చెప్పొచ్చు. గుర్రపు బగ్గీల కాలంలో పెట్టెల మూతలు ఉబ్బెత్తుగా ఉండేవి. వాన పడితే నీళ్లు జారిపోవాలన్నమాట. కానీ రైళ్లు, ఓడలు వచ్చాక వాటిని ఒకదానిపై ఒకటి పేర్చడం కుదరలేదు. 1854లో పారిస్‌లో దుకాణం తెరిచిన లూయీ విట్టన్, 1858లో చదునైన మూతతో, క్యాన్వాస్ తొడిగిన తేలికపాటి ట్రంకు తెచ్చారు. అలాగని గుండ్రటి మూత ఉన్నవన్నీ అంతకుముందువే అనుకోవద్దు. ఆ తర్వాతా దశాబ్దాల పాటు అవి తయారయ్యాయి.

ఇక ఓడ ప్రయాణాల కోసం చేసిన స్టీమర్ ట్రంకులైతే బెర్త్ కింద పట్టేలా ఎత్తు తక్కువగా ఉంటాయి. అందుకే టీపాయ్‌గా సరిగ్గా సరిపోతాయి. నిలబెట్టి తెరిచే వార్డ్‌రోబ్ ట్రంకుల్లో ఒకవైపు హ్యాంగర్లు, మరోవైపు సొరుగులు ఉంటాయి.

మన ఇళ్లలో ఎక్కువగా దొరికేవి రేకు ట్రంకులు, కర్ర భోషాణాలు. భోషాణంలో ఇత్తడి సామాను, పట్టుబట్టలు దాచి, దాని మీదే పక్క పరుచుకునేవాళ్లు. అంటే పెట్టెను ఫర్నిచర్‌గా వాడటం మనకేం కొత్త కాదు!

కొనేటప్పుడు ఏం చూడాలి?

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మేరాత్ బజార్.. బయటైతే ముంబై చోర్ బజార్, తమిళనాడులోని కారైకుడి పాత వస్తువులకు పేరున్న చోట్లు. అమ్మేవాళ్లు వందేళ్ల నాటిదని చెప్తే ముందు స్క్రూలు చూడండి. ప్లస్ గుర్తు స్క్రూలు వాడకంలోకి వచ్చింది 1930ల్లో. ఒకటీ అరా ఉంటే రిపేరు చేయించి ఉండొచ్చు. అన్నీ అవే ఉంటే మాత్రం అనుమానించాల్సిందే.

చెక్కకు సన్నటి రంధ్రాలు ఉండి, కింద పిండిలా పొడి రాలుతుంటే పురుగు పట్టినట్టే. దాన్ని అలాగే ఇంట్లోకి తెస్తే మిగతా ఫర్నిచర్‌కూ పాకుతుంది.

అసలు ప్రమాదం తాళంలోనే!

అమెరికాలో 1996లో దాదాపు 1.2 కోట్ల పాత సెడార్ చెక్క పెట్టెలను రీకాల్ చేశారు. కారణం.. మూత పడగానే దానంతటదే పడిపోయే లాక్. ఆటల్లో లోపల దాక్కున్న పిల్లలు బయటికి రాలేక, ఊపిరాడక చనిపోయారు. లోపలి నుంచి తెరిచే దారి లేని ఏ పెట్టెతోనైనా ఇదే ముప్పు.

అందుకే ఇంట్లో వాడే ట్రంకుకు లాక్, గొళ్లెం తీసేయించండి. గాలి ఆడేలా వెనకవైపు రంధ్రాలు పెట్టించండి. మూత ధడేల్న పడకుండా సపోర్ట్ బిగించండి.

గరుకు కాగితంతో రుద్దొద్దు!

పాత పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. రుద్దితే లేచే దుమ్ము పిల్లల మెదడుకు హాని చేస్తుంది. పెయింట్ పెచ్చులు ఊడుతుంటే ఆ పెట్టెను పిల్లలకు దూరంగా ఉంచడమే మేలు. ముక్కవాసన పోవాలంటే మూత తెరిచి గాలి తగిలేలా కొన్నాళ్లు ఉంచి, లోపల గిన్నెలో వంటసోడా పెట్టండి. తోలు, కాగితం లేబుళ్లను తడిగుడ్డతో తుడవొద్దు. పెట్టెపై రాసిన పేర్లు, ఊళ్లు చెరిపేయొద్దు.. దాని విలువంతా వాటిలోనే ఉంది.

ఫారిన్ పంపొచ్చా?

విదేశాల్లో ఉన్న పిల్లలకు నానమ్మ పెట్టె పంపాలనుకుంటున్నారా? 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మీ పెట్టె ఆ కోవలోకి రాదని భారత పురావస్తు శాఖ నుంచి సర్టిఫికెట్ తీసుకున్నాకే పంపడం మంచిది.

కాబట్టి అటక మీది పెట్టెను పాత ఇనుప సామాన్లవాడికి వేయకండి. కిందికి దించండి, దుమ్ము దులపండి. కానీ హాల్లో పెట్టేముందు ఆ లాక్ తీసేయడం మాత్రం మర్చిపోవద్దు!