ఆపరేషన్‌కు ముందు భయం: రెండు వందల అడుగుల నుంచి మొదలుపెడదాం

రామన్నపేటలో ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయాక ఒక తల్లి కుర్చీలోనే కూర్చుండిపోయింది. ఆమెకు అరవై రెండేళ్లు. మోకాళ్ల నొప్పులతో నాలుగేళ్లుగా ఇల్లు, చర్చి తప్ప ఎక్కడికీ కదలని మనిషి. షుగరు ఉంది, బీపీ ఉంది. రాత్రి నిద్రలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తుంది. బరువు తగ్గించే ఆపరేషన్ గురించి ఆలోచించమని హైదరాబాదులో ఒక డాక్టరు చెప్పారట.

"అయ్యగారూ, పిల్లలు చేయించుకొమ్మంటున్నరు. నాకేమో ఆ బల్ల మీద పండుకున్నంక మల్ల లేస్తనో లేదోనని బుగులైతుంది. ఇంత భయపడుతున్ననంటే నాకు విశ్వాసం లేనట్టేనా?" అని అడిగింది.

మేము ప్రార్థన చేసి పంపించాం. ఇంటికి వచ్చాక మాత్రం, ప్రార్థన చేశాం గానీ ఆమె అడిగినదానికి జవాబు చెప్పలేదు కదా అనిపించింది. ఆ తర్వాత ఈ విషయం గురించి చదివాం, తెలిసిన డాక్టర్లను అడిగాం. ఇలాంటి తల్లులు, తండ్రులు మన సంఘాలన్నిటిలో ఉన్నారు గనుక ఆమెకు చెప్పవలసిన జవాబును ఇక్కడ అందరికీ రాస్తున్నాం.

భయం అవిశ్వాసం కాదు

మొదటి మాట ఇది. గెత్సేమనే తోటలో మన ప్రభువే వేదనపడ్డాడు. ఆ వేదనను దాచుకోలేదు, తండ్రి ముందు పెట్టాడు. దగ్గరివాళ్లను తనతో మెలకువగా ఉండమని అడిగాడు. కాబట్టి ఆపరేషన్ పేరు వినగానే గుండె దడదడలాడితే సిగ్గుపడవలసిన పని లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లడం కూడా విశ్వాసానికి తక్కువేమీ కాదు. సువార్త రాసిన లూకా వైద్యుడే. మన పాలమూరులో జడ్చర్లలో మెన్నొనైట్ బ్రెదరన్ మిషనువారు ఆసుపత్రి కట్టారు. మన పెద్దలకు ప్రార్థన, మందు రెండూ ఒకే చేతి నుంచి వచ్చినవే.

అయితే భయాన్ని "ఏమవుతుందో ఏమో" అని గుండెల్లో మూటగట్టి ఉంచుకుంటే అది పెరుగుతూనే ఉంటుంది. ఆ మూట విప్పి, ఒక్కొక్క భయాన్ని ఒక్కొక్క ప్రశ్నగా మార్చాలి. ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. జవాబు దొరకనిది ఏదైనా మిగిలితే, దాన్ని దేవుని చేతికి అప్పగించవచ్చు.

ఏ ఆపరేషన్ గురించి భయపడుతున్నాం?

ఆ తల్లి భయానికి ఒక కారణం టీవీలో చూసిన వార్త. సినీనటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో 31 ఏళ్లకే చనిపోయారు. అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. అప్పటినుంచి "బరువు ఆపరేషన్" అనగానే మన ఇళ్లలో ఆ వార్తే గుర్తుచేసుకుంటారు.

కానీ లైపోసక్షన్ వేరు, ఇది వేరు. లైపోసక్షన్‌లో చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగేస్తారు. అది ఆకారం కోసం చేసేది, షుగరుకో గుండెకో చికిత్స కాదు. డాక్టర్లు ఆ తల్లికి చెప్పినది బేరియాట్రిక్ సర్జరీ. ఇందులో ఎక్కువగా చేసేవి రెండు రకాలు. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో సుమారు నాలుగింట మూడు వంతులు తీసివేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా ఉంచుతారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసివేసిన ఆ భాగంలోనే. బైపాస్ పద్ధతిలో జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిలా చేసి, పేగులో కొంత భాగాన్ని దాటించి కలుపుతారు. రెండూ చాలావరకు చిన్న రంధ్రాల గుండా, కెమెరా సాయంతో చేస్తారు.

ఇది ఎవరికి అవసరమో తెలుసుకోవడానికి బీఎంఐ అనే లెక్క ఉంది. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. ఒకటిన్నర మీటరు ఎత్తున్న మనిషి 96 కిలోలు ఉంటే బీఎంఐ 42 దాటుతుంది. 2022లో అంతర్జాతీయ వైద్య సంఘాలు ఇచ్చిన సూచనల ప్రకారం, 35 దాటితే ఇతర జబ్బులు లేకపోయినా ఆపరేషన్ సిఫారసు చేయవచ్చు. 30 దాటి షుగరు వంటి జబ్బు ఉంటే ఆలోచించవచ్చు. మన ఆసియా ప్రజలకు తక్కువ బరువులోనే జబ్బులు వస్తాయి గనుక 27.5 నుంచే ఆ అవకాశం ఇవ్వవచ్చన్నారు.

"ఈ వయసులో నాకెందుకు?"

ఆ సూచనల్లోనే ఇంకొక మాట ఉంది. వయసు ఒక్కటే అడ్డు కాదు, పై హద్దు ఇంత అని గీత లేదు. డాక్టరు చూసేది ఆ మనిషి ఒంట్లో ఉన్న బలాన్ని, గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీల పనితీరును. యాభై ఏళ్ల మనిషి బలహీనంగా ఉండవచ్చు, అరవై ఎనిమిదేళ్ల మనిషి గట్టిగా ఉండవచ్చు.

మన దేశంలో పేరున్నవాళ్లు కూడా ఈ దారిలో నడిచారు. నితిన్ గడ్కరీ 2011లో చేయించుకున్నారు. అరుణ్ జైట్లీ 2014 సెప్టెంబరులో, 61 ఏళ్ల వయసులో చేయించుకున్నారు. తర్వాత ఆయనకు ఇబ్బందులు వచ్చి మళ్లీ ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. కోలుకుని 2015 ఫిబ్రవరిలో పార్లమెంటులో బడ్జెట్ ప్రవేశపెట్టారు. ఆ ఇబ్బంది సంగతి మేము దాచడం లేదు. ఇది చిన్న పని అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అలాగని మృత్యువు వాకిలి అనీ అనుకోవద్దు.

అంకెలు చూద్దాం. అమెరికాలో 4,776 మందిని పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనం 2009లో వెలువడింది. ఆపరేషన్ తర్వాత 30 రోజుల్లో చనిపోయినవారు వెయ్యికి ముగ్గురు. మరణంతో సహా పెద్ద ఇబ్బంది ఏదో ఒకటి ఎదురైనవారు వందకు నలుగురైదుగురు. మరోవైపు స్వీడన్‌లో 1987లో మొదలైన అధ్యయనంలో ఆపరేషన్ చేయించుకున్న సుమారు రెండు వేలమందిని, చేయించుకోని దాదాపు అంతేమందిని ఏళ్ల తరబడి గమనించారు. చేయించుకున్నవారిలో మరణాలు తక్కువని 2007లో తేలింది. అయితే అందులో చేరినవారు 37 నుంచి 60 ఏళ్ల మధ్యవారు. కాబట్టి అరవై దాటినవారు "నా వయసుకు, నా జబ్బులకు ప్రమాదమెంత, మేలెంత?" అని తమ డాక్టరునే సూటిగా అడగాలి.

రెండు వందల అడుగులు

ఆ అమెరికా అధ్యయనంలో మా మనసుకు తగిలిన విషయం ఒకటుంది. ఎవరికి ఇబ్బందులు ఎక్కువ వచ్చాయని చూస్తే, లోగడ కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టినవారు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవారు, ఇంకా రెండు వందల అడుగులు కూడా నడవలేనివారు. రెండు వందల అడుగులంటే ఎంత? ఒక మామూలు చర్చి ఆవరణలో గేటు దగ్గర నుంచి మెట్ల దాకా వెళ్లి, తిరిగి వస్తే దాదాపు అంత అవుతుంది.

ఏళ్ల తరబడి కూర్చునే ఉన్న మనిషికి ఇందులో భయపెట్టే మాటా ఉంది, ధైర్యమిచ్చే మాటా ఉంది. వయసును మనం తగ్గించుకోలేం. నడకను మాత్రం కొంతైనా పెంచుకోవచ్చు. అందుకే మంచి డాక్టర్లు ఆపరేషన్‌కు ముందు కొన్ని వారాలు సిద్ధపడమంటారు. ఆ సిద్ధపాటు ఇలా ఉంటుంది.

నడక: మొదటి రోజు వాకిట్లో నుంచి గేటు దాకా చాలు. కర్ర పట్టుకున్నా తప్పు లేదు. రెండు మూడు రోజులకు కొంచెం పెంచాలి. మోకాళ్లు సహకరించకపోతే, గట్టి కుర్చీలో కూర్చుని లేవడం రోజుకు కొన్నిసార్లు చేయాలి. ఛాతీనొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆపి డాక్టరుకు చెప్పాలి.

ఊపిరి: చిన్న బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఒకటి ఇస్తారు. దాన్ని పీల్చి బంతులను లేపడం అభ్యాసం చేస్తే మత్తు తర్వాత ఊపిరితిత్తులు బాగా తెరుచుకుంటాయి. గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉంటే దాచవద్దు. పరీక్ష చేసి, అవసరమైతే రాత్రి పెట్టుకునే మిషన్ ఇస్తారు. బీడీ, సిగరెట్, పొగాకు పూర్తిగా మానాలి.

తిండి: ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు చాలామందికి తక్కువ పిండిపదార్థాలున్న ఆహారం చెబుతారు. జీర్ణాశయం మీద ఉండే కాలేయం కొవ్వుతో ఉబ్బి ఉంటుంది. అది కాస్త తగ్గితే సర్జనుకు దారి సులువవుతుంది.

మందులు: రక్తం పలచబరిచేవి, కొన్ని షుగరు మాత్రలు ముందే ఆపవలసి ఉంటుంది. ఏది ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. సొంతంగా ఆపవద్దు. నాటుమందులు వాడుతుంటే అదీ చెప్పాలి.

మన నల్లగొండ ప్రాంతానికి ప్రత్యేకంగా ఒక మాట. ఫ్లోరైడు నీళ్లు తాగి కీళ్లు, వెన్ను బిగుసుకున్న పెద్దలు మన మధ్య ఎందరో ఉన్నారు. బరువు తగ్గితే మోకాళ్ల మీద భారం తగ్గుతుంది గానీ, ఫ్లోరోసిస్ వల్ల మారిన ఎముక తిరిగి మామూలు కాదు. పైగా ఈ ఆపరేషన్ తర్వాత కాల్షియం ఒంటికి పట్టడం తగ్గవచ్చు. కాబట్టి ఆ సంగతి ముందే చెప్పి, ఎముకల పరీక్ష చేయించుకోవాలి.

తర్వాతి జీవితం

ఆపరేషన్ అయిన రోజో, మర్నాడో లేపి నడిపిస్తారు. రక్తం గడ్డకట్టకుండా ఉండటానికే అది. మొదట నీళ్లలాంటి ఆహారం, తర్వాత మెత్తనిది, కొన్ని వారాలకు మామూలు భోజనం, అదీ కొంచెం కొంచెంగా. బీ12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి మాత్రలు జీవితాంతం వాడాలి. పెద్దవయసువారికి కొవ్వుతోపాటు కండ కూడా తగ్గుతుంది. అందుకే గుడ్డు, పప్పు, పెరుగు వంటి మాంసకృత్తులు, నడక మానకూడదు. మాత్రలు, పరీక్షలు తప్పకుండా కొనసాగించగలమా అన్నది ఆపరేషన్‌కు ముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

ఖర్చు మాట కూడా ముందే తేల్చుకోవాలి. ఆరోగ్య బీమా ఉంటే, బీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 40 పైన, లేదా 35 పైన ఉండి గుండెజబ్బు, అదుపులోకి రాని షుగరు, నిద్రలో ఊపిరి ఆగే తీవ్రమైన జబ్బు వంటివి ఉన్నప్పుడు పరిగణిస్తారు. పాలసీలో ఎన్నేళ్లు ఆగాలో చూసుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ అడగండి. 2023లో ఉస్మానియా ఆసుపత్రి వైద్యులు రెండు వందల కిలోలు దాటిన ఒక యువకుడికి ఈ ఆపరేషన్ చేశారు. అప్పులు చేసి, పొలం అమ్మి తొందరపడవద్దు.

అన్నీ విన్నాక "వద్దు" అనుకోవడం కూడా సరైన నిర్ణయమే కావచ్చు. వారానికొకసారి వేసుకునే బరువు తగ్గించే ఇంజెక్షన్లు ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతున్నాయి. అవి తనకు సరిపోతాయా అని డాక్టరును అడగవచ్చు. భయం వల్ల వద్దనుకోవడం వేరు, తెలుసుకుని వద్దనుకోవడం వేరు.

సంఘం చేయవలసినది

లావుగా ఉన్న మనిషిని తిండిపోతు అని నవ్వడం మన మధ్య ఆగాలి. వంశం, హార్మోన్లు, మందులు, కదలనివ్వని కీళ్లు, ఇవన్నీ బరువు వెనుక ఉంటాయి. సిగ్గుపడిన మనిషి డాక్టరు దగ్గరికీ వెళ్లడు, సంఘానికీ రాడు. ఆపరేషన్ అయినవారిని విందులో "ఇంకొంచెం తినండి" అని బలవంతపెట్టవద్దు. డాక్టరు ఒప్పుకోనిదే ఉపవాస ప్రార్థనకు పిలవవద్దు. నీళ్లు తక్కువైతే వారికి ప్రమాదం. పాస్టర్లమైన మేము కూడా "ప్రార్థన చేద్దాం" అని పంపించేసి ఊరుకోకూడదు. వారితో డాక్టరు గది దాకా వెళ్లి, ప్రశ్నల కాగితం పట్టుకుని పక్కన కూర్చోవాలి.

ఆ తల్లి ఇంకా నిర్ణయించుకోలేదు. మొన్న ఆదివారం ఆరాధనకు ముందు మనవరాలి భుజం మీద చెయ్యివేసి గేటు నుంచి మెట్ల దాకా నడిచింది, కాసేపు నిలబడి మళ్లీ గేటు దాకా వెళ్లింది. చేతిలో మడిచిన కాగితం ఉంది. అందులో తొమ్మిది ప్రశ్నలు. "బుగులు పోలేదయ్యగారూ, కానీ ఏమడగాల్నో తెలిసింది" అన్నది. వచ్చే వారం ఆమెతోపాటు మేమూ హైదరాబాదు రైలెక్కుతున్నాం. ఆమె కోసం, ఆమెలాంటి వారందరి కోసం ప్రార్థించండి. మీ పక్క కుర్చీలో అలాంటివారు ఎవరైనా ఉంటే, ఈ ఆదివారం వారితో కలిసి రెండు వందల అడుగులు నడవండి.