మిగిలినవారిని ఎవరు ఆదరిస్తారు?

ఈ పేజీలో మామూలుగా బి.పి., షుగరు, గర్భిణీల ఆహారం గురించి రాస్తుంటాము. ఈసారి ఎవరూ పైకి అడగని సంగతి రాస్తున్నాను. ఇంట్లో ఒకరు ఆత్మహత్య చేసుకుని చనిపోతే, ఆ తర్వాత ఆ ఇంట్లో మిగిలినవారి మాటేమిటి?

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చావు వస్తే వీధి వీధంతా కదులుతుంది. పొయ్యి వెలగని ఇంటికి పక్కింటివారు అన్నం వండి తెస్తారు. గుండెపోటుతో పోయినా, వేటకు వెళ్లి సముద్రంలో పోయినా ఇదే తీరు. ఆత్మహత్య అయితే అన్నం గిన్నె వస్తుంది గాని, తెచ్చినామె గుమ్మంలోనే నిలబడి "ఏటయిందమ్మా? రాత్రి ఏటైనా గొడవ పడ్డారా?" అని అడుగుతుంది. కోడలు ఏమన్నదో అని ఒకవైపు, అత్త ఏం పెట్టిందో అని ఇంకొకవైపు గుసగుసలు మొదలవుతాయి. పెద్దదినమో, ఆదరణ కూడికో అయిపోయాక ఆ ప్రశ్నలు ఆగుతాయి. దానితోపాటే మనుషులు రావడమూ ఆగుతుంది.

జాతీయ నేర నమోదు సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ఇలా చనిపోయారు. 2023 ఏప్రిల్ చివర్లో ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన రెండు రోజుల్లోనే మన రాష్ట్రంలో 9 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. అందులో మన శ్రీకాకుళం జిల్లా పిల్లవాడు ఒకడు. వారం తిరిగేసరికి పత్రికలు వేరే వార్తలకు వెళ్లిపోయాయి. ఆ తల్లిదండ్రులకు మాత్రం ఏటేటా ఫలితాల రోజు వస్తూనే ఉంటుంది. పక్కింటి పిల్లవాడు మార్కులు చెప్పి మిఠాయి పంచుతుంటే, తలుపు దగ్గరగా వేసుకుని లోపల కూర్చునే ఇళ్లు అవి.

మొదటి భయం పోలీసులు. ఈ మరణాలన్నిటికీ పంచనామా, పోస్టుమార్టం తప్పవు. చట్టం అలా ఉంది. అది విచారణే గాని మీ మీద నేరం మోపడం కాదు. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ చనిపోతే మెజిస్ట్రేటు హోదా ఉన్న అధికారి, అంటే సాధారణంగా తహసీల్దారు, పంచనామాకు వస్తారు. ఇది తెలియక "మమ్మల్ని జైల్లో పెడతారు" అని వణికిపోయేవారిని క్యాజువాలిటీ గుమ్మంలో చాలాసార్లు చూశాను. ఆ సమయంలో ఇంటివారు ఏ కాగితం ఎక్కడ పెట్టారో వారికే తెలియదు. అందుచేత నిబ్బరంగా ఉన్న బంధువో, సంఘపెద్దో ఒకరు ఆ బాధ్యత తీసుకోవాలి. ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం నకళ్లు రెండేసి తీయించి భద్రం చేయాలి.

ఎందుకంటే, ఆత్మహత్య అయితే ఇన్సూరెన్సు రాదు అనుకుని ఆ కాగితాలే పట్టించుకోనివారు ఉన్నారు. ఇది పొరపాటు అభిప్రాయం. ఇప్పటి జీవిత బీమా పాలసీలలో సాధారణంగా మొదటి 12 నెలలకే ఈ ఆంక్ష ఉంటుంది. బ్యాంకు ఖాతా ద్వారా కట్టే ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాలో చేరిన మొదటి 30 రోజులు దాటితే, మరణానికి కారణం ఏదైనా నామినీకి 2 లక్షల రూపాయలు వస్తాయి. పాసుపుస్తకం పట్టుకెళ్లి బ్యాంకులో అడగండి. అప్పుల వల్ల చనిపోయిన రైతు కుటుంబాలకు మన రాష్ట్రం 2004లో సాయం ప్రకటించింది. ఆ సాయాన్ని 2015లో 5 లక్షలకు, 2019లో 7 లక్షలకు పెంచారు. కౌలు రైతు అయితే కాగితాలు చూపడం కష్టమవుతుంది. అలాగని ఊరుకోకుండా తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి.

ఇక సంఘం సంగతి. గంట కొట్టం, సమాధుల తోటలో చోటు ఇవ్వం అనే పెద్దలు ఇంకా అక్కడక్కడ ఉన్నారు. ఇది ఎక్కడినుంచి వచ్చిందో వారికి తెలుసో లేదో. 1662 నాటి ఇంగ్లండు ప్రార్థన పుస్తకంలో ఇటువంటివారికి భూస్థాపన ఆరాధన చదవకూడదని ఉండేది. 2015లో ఆ సంఘపు మహాసభే ఆ నియమాన్ని మార్చాలని తీర్మానించింది. కతోలిక సంఘం 1983లో తెచ్చిన ధర్మశాస్త్రంలో ఆత్మహత్య చేసుకున్నవారికి అంత్యక్రియలు నిరాకరించే మాటే తీసివేసింది. మనం ఇంకా 1662లో ఉండడమెందుకు?

బైబిలులో సౌలు రాజు తన కత్తిమీద తానే పడి చనిపోయాడు. ఆ సంగతి విని యాబేష్గిలాదువారు రాత్రంతా నడిచి వెళ్లి, శత్రువుల గోడమీద వేలాడుతున్న ఆయన శరీరాన్ని తెచ్చి, ఎముకలను చెట్టు కింద పాతిపెట్టి, ఏడు రోజులు ఉపవాసమున్నారు. సౌలు చేత తరమబడిన దావీదు కూడా ఆ ఊరివారిని దీవించాడు. ఎందుకు చచ్చాడని ఎవరూ పంచాయితీ పెట్టలేదు. ఈ భాగం మీద ప్రసంగం మన సంఘాలలో నేను ఒక్కటీ వినలేదు.

ఈ దుఃఖం ఆస్పత్రికి వేరే పేర్లతో వస్తుంది. గుండె దడ, కడుపులో మంట, తలపోటు, నిద్ర పట్టదు అంటారు. ఇ.సి.జి. బాగానే ఉంటుంది. నిదానంగా కూర్చోబెట్టి "ఇంట్లో అందరూ బాగున్నారా అమ్మా?" అంటే అప్పుడు బయటపడుతుంది. ఆ రోజు ఫోను ఎత్తి ఉంటే బతికేవాడేమో అంటుంది తల్లి. మద్రాసులోనో హైదరాబాదులోనో పనికి వెళ్లిన అన్నయ్య, తాను ఊళ్లో ఉంటే ఇలా జరిగేది కాదంటాడు. కొందరికి చనిపోయినవారి మీద విపరీతమైన కోపం వస్తుంది. ఏళ్ల తరబడి తాగుడుతో, కొట్లాటతో నలిగిన ఇంట్లో ఒక రకమైన ఊరట కూడా కలుగుతుంది, దానికి మళ్లీ సిగ్గు. ఇవన్నీ ఒకే మనిషిలో ఒకే రోజు ఉండవచ్చు. పిచ్చి పట్టలేదు, పాపమూ కాదు. ఒక మనిషి ప్రాణం తీసుకోవడం వెనుక మనసు జబ్బు, అప్పు, తాగుడు, నొప్పి, అవమానం ఎన్నో కలిసి ఉంటాయి. ఒక్క ఫోను కాలుతో అది తేలే లెక్క కాదు.

పిల్లల విషయంలో మనవాళ్లు "నాన్న ఊరెళ్లాడు" అంటారు. బడిలో తోటిపిల్లలు మర్నాడే అసలు సంగతి చెప్పేస్తారు. అప్పుడు ఆ పిల్లకు నాన్నతోపాటు అమ్మ మీద నమ్మకమూ పోతుంది. వయసుకు తగ్గట్టు రెండు ముక్కల్లో నిజం చెప్పండి. నాన్న మనసుకు పెద్ద జబ్బు చేసింది, చనిపోయాడు, అందులో నీ తప్పేమీ లేదు అని. చివరి మాట ఒకసారి చెప్తే చాలదు, పదిసార్లు చెప్పాలి.

ఒక విషయం జాగ్రత్తగా చదవండి. బ్రిటనులో యువతీయువకుల మీద జరిపిన పరిశీలన 2016లో వెలువడింది. తమవారిని ఆత్మహత్యలో పోగొట్టుకున్నవారు, హఠాత్తుగా మామూలు జబ్బుతో పోగొట్టుకున్నవారికంటే తామూ ఆ ప్రయత్నం చేసే అవకాశం 65 శాతం ఎక్కువని అందులో తేలింది. కాబట్టి "నేనూ వాడి దగ్గరకే పోతాను" అన్న మాటను ఏడుపులో మాటగా తీసివేయకండి. చావాలని ఉందా అని నేరుగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఆమెను ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆస్పత్రికి తీసుకురండి. ఇంట్లో పురుగుమందు ఉంటే ఆ వేళే తీసివేయండి. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో మానసిక వైద్యులు ఉన్నారు, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆస్పత్రి ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ 14416 నంబరుకు రాత్రయినా పగలయినా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలనుకునేవారికే కాదు, మిగిలిపోయినవారికి కూడా ఆ నంబరు.

పరామర్శకు వెళ్లేవారు "దేవుని చిత్తం" అనకండి. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నారు. నోరు తెరిచాకే అంతా చెడింది. చనిపోయినవారి పేరు ఎత్తడానికి భయపడకండి. తల్లికి ఆ పేరు వినాలని ఉంటుంది. మూడో నెలలో వెళ్లండి, అప్పటికి ఎవరూ రారు. బ్యాంకుకు తోడు వెళ్లడం, పిల్లలకు జడ వేయడం, ఊడ్పుల పనికి ఒక మనిషిని పంపడం, ఇవి మాటలకంటే నయం.

అన్నిటికంటే ఎక్కువ ఓదార్పు, అదే దెబ్బ తిన్న ఇంకొకరి దగ్గర దొరుకుతుంది. అమెరికాలో హ్యారీ రీడ్ అనే సెనేటరు తండ్రి 1972లో ఇలా చనిపోయారు. ఆయన ఆ సంగతి ఏళ్ల తరబడి దాచుకున్నారు. 1999లో ఆయన తెచ్చిన తీర్మానంతోనే ఇలాంటి కుటుంబాలకు నవంబరులో ఒక రోజు ఏర్పడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో, ఇటువంటివారు ఒక గుంపుగా కలుసుకోవడం ఎలా మొదలుపెట్టాలో ఒక చిన్న పుస్తకమే వేసింది. దానికి హాలు, మైకు అక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు చాలు, నెలకొకసారి చాలు. అక్కడ చెప్పింది బయటకు పోకూడదు, అదొక్కటే నియమం. స్త్రీల సమాజంలోనో, డ్వాక్రా సంఘంలోనో ఇటువంటివారు ఇద్దరు ఉంటే ఒకరి ఇంటికి ఒకరిని తీసుకెళ్లే పని మన బైబిలు ఉమెన్ చేయగలరు. మగవారిని కలపడం కష్టం, వారు సారా కొట్టు దగ్గర తప్ప ఏడవరు. వారికోసం పాస్టరుగారే నడుం కట్టాలి.

మన ఆస్పత్రిలో నర్సింగ్ ఆఫీసుకు ఈ విషయమై వచ్చేవారికి ఓ.పి. చీటీ అవసరం లేదు. ఉదయం రౌండ్లు అయ్యాక రండి, కొంచెం తీరిక ఉంటుంది. ఎందుకు జరిగిందని మేము అడగము. చెప్పాలనిపిస్తే చెప్పండి, లేకపోతే టీ తాగి కాసేపు కూర్చుని వెళ్లండి.