వెబ్ పుటలలో అర్థసూచక మూలకాలు: ప్రయోజనం, వివాదం

ఉపోద్ఘాతం:

కంటితో చదివేవారు అక్షరాల పరిమాణాన్ని, అమరికను బట్టి వెబ్ పుటలో ఏది శీర్షికో, ఏది పట్టికో గ్రహిస్తారు. స్క్రీన్ రీడర్ సాయంతో చెవితో చదివే అంధ పాఠకులకు ఈ ఆనవాళ్లు అందవు. ఒక భాగం ఏమిటో హెచ్‌టీఎంఎల్‌లోనే సూచించే ట్యాగులను అర్థసూచక మూలకాలు అంటారు. వాటి ప్రయోజనాన్ని, వాటిపై సాగిన చర్చను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

1. మూలకాల స్వరూపం:

‘డివ్’ ట్యాగుకు సొంత అర్థం లేదు. అది ఏ విషయాన్నైనా చుట్టే ఖాళీ పెట్టె వంటిది. 2014 అక్టోబరు 28న డబ్ల్యూ3సీ సిఫారసుగా వెలువడిన హెచ్‌టీఎంఎల్5 ‘హెడర్’, ‘నావ్’, ‘మెయిన్’, ‘ఆర్టికల్’, ‘సెక్షన్’, ‘ఫుటర్’ వంటి మూలకాలను ప్రమాణీకరించింది. బ్రౌజర్ వీటి ఆధారంగా పుట నిర్మాణాన్ని స్క్రీన్ రీడర్‌కు అందిస్తుంది. ఉచితంగా లభించే ఎన్‌వీడీఏలో ‘హెచ్’ మీట తర్వాతి శీర్షికకు, ‘డి’ మీట తర్వాతి ప్రధాన భాగానికి తీసుకువెళ్తాయి.

2. ఉదాహరణ - రైళ్ల వేళల పట్టిక:

హైదరాబాదు ఐటీ ప్రాంతపు అంచున ఉన్న లింగంపల్లి నుంచి 2003లో ఎంఎంటీఎస్ రైళ్లు మొదలయ్యాయి. ఆ రైళ్ల వేళలను డివ్‌లతో పేర్చినా కంటికి పట్టికలాగే కనిపిస్తాయి. స్క్రీన్ రీడర్ మాత్రం అంకెలను వరుసగా చదువుకుంటూ పోతుంది. 8:15 అన్నది హైటెక్ సిటీ చేరే వేళో, బేగంపేట చేరే వేళో వినేవారికి తెలియదు. ‘టేబుల్’ వాడి, నిలువు వరుసల తలకట్లను ‘టీహెచ్’తో గుర్తిస్తే, వరుస మారినప్పుడు స్టేషను పేరు కూడా వినిపిస్తుంది.

3. వివాదం:

ప్రమాణంలో ఉన్న అర్థమంతా పాఠకునికి చేరుతుందా అన్నది మొదటి ప్రశ్న. సెక్షన్‌లు ఒకదానిలో ఒకటి ఇమిడిన తీరును బట్టి శీర్షికల స్థాయి నిర్ణయమవుతుందని హెచ్‌టీఎంఎల్5 భావించింది. బ్రౌజర్లు దానిని స్క్రీన్ రీడర్లకు అందేలా అమలు చేయలేదు. చివరకు 2022లో వాట్‌డబ్ల్యూజీ ఆ విధానాన్ని ప్రమాణం నుంచి తొలగించింది. అందువల్ల ‘హెచ్1’ నుంచి ‘హెచ్6’ వరకు స్థాయిలను రచయితే సరిగా ఇవ్వాలి. పేరు పెట్టని ‘సెక్షన్’ కూడా ప్రధాన భాగంగా వినిపించదు.

ఏరియా లక్షణాలతో డివ్‌కే అర్థం కల్పించవచ్చన్నది రెండవ వాదం. అయితే డివ్‌కు బటన్ పాత్ర ఇస్తే ఆ పేరు మాత్రమే వస్తుంది. మీటలకు స్పందించే గుణాన్ని విడిగా రాయాలి. ‘బటన్’ మూలకానికి అది సహజంగానే ఉంటుంది. తగిన మూలకం ఉన్నచోట దానినే వాడాలని డబ్ల్యూ3సీ సూచన.

4. తెలుగు పుటలు:

తెలుగు పుటలో భాషా లక్షణం ‘ఇఎన్’ అని ఉంటే స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతును ఎంచుకోవచ్చు. అప్పుడు తెలుగు పాఠం వికృతంగా వినిపించవచ్చు, అసలు వినిపించకనూ పోవచ్చు. ‘టీఈ’ అని రాయడం దీనికి పరిష్కారం.

ముగింపు:

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ సమాచారం అందరికీ అందుబాటులో ఉండేలా చూడటాన్ని ప్రభుత్వ బాధ్యతగా చేసింది. డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగంలోని 21వ అధికరణంలో అంతర్భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. కాబట్టి మూలకాల ఎంపికను శైలీ విషయంగా మాత్రమే చూడరాదు. ‘ఆర్టికల్’, ‘సెక్షన్’ భేదంపై చర్చ కొనసాగవచ్చు. భాష, శీర్షికలు, పట్టికలు, బటన్లు సరిగా ఉండటం మాత్రం చర్చకు అతీతం.