సర్జన్ జనరల్ కుర్చీ, అర్హతల పేచీ

అమెరికా సిగరెట్ పెట్టెల మీద హెచ్చరిక సర్జన్ జనరల్ పేరు మీదే ఉంటుంది. పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని 1964లో అప్పటి సర్జన్ జనరల్ లూథర్ టెరీ నివేదిక తేల్చి చెప్పాక ఈ పదవి ఇంటింటికీ తెలిసింది. పేరుకు తగ్గ అధికారం మాత్రం లేదు. మందులకు అనుమతులిచ్చేదీ, నిధులు పంచేదీ వేరే సంస్థలు. సర్జన్ జనరల్‌కు ఉన్నవి సుమారు 6,000 మంది యూనిఫారం అధికారుల దళం, దేశమంతా చెవిన పెట్టే మాట. ఆ మాట కోసమే ఇంత పోట్లాట.

అధ్యక్షుడు పేరు ప్రతిపాదిస్తే సెనేట్ ఆమోదించాలి. పదవీకాలం నాలుగేళ్లు. అభ్యర్థికి ప్రజారోగ్య కార్యక్రమాల్లో ప్రత్యేక శిక్షణ గానీ, చెప్పుకోదగ్గ అనుభవం గానీ ఉండాలంటుంది చట్టం. ఎంతుంటే చెప్పుకోదగ్గదో చెప్పదు. రాజకీయం దూరేది ఆ సందులోంచే.

1981లో రీగన్ ఎంచుకున్న సి. ఎవరెట్ కూప్ ఫిలడెల్ఫియాలో పేరుమోసిన పిల్లల శస్త్రవైద్యుడు. అతుక్కుని పుట్టిన కవలలను వేరుచేసిన ఘనత ఆయనది. గర్భస్రావానికి బద్ధవ్యతిరేకి కూడా. శస్త్రచికిత్స తప్ప ప్రజారోగ్యం తెలియని మనిషంటూ అమెరికా ప్రజారోగ్య సంఘం ఆయన నియామకాన్ని వ్యతిరేకించింది. న్యూయార్క్ టైమ్స్ ఆయన్ను అర్హత లేని డాక్టరుగా శీర్షికలోనే తేల్చేస్తూ సంపాదకీయం రాసింది. వయసు కూడా అడ్డొచ్చింది. అప్పటి నిబంధన ప్రకారం 64 దాటినవారు ఆ పదవికి పనికిరారు. కూప్ అప్పటికే ఆ గీత దాటాడు. చట్టం మార్చాల్సి వచ్చింది. ప్రతినిధుల సభలో ఆరోగ్య ఉపసంఘం అధ్యక్షుడు హెన్రీ వాక్స్‌మన్ దానికి అడ్డుపడ్డాడు. నెలల తరబడి కూప్ వేరే హోదాలో ఆఫీసుకు వెళ్లివచ్చాడు. చివరకు నవంబరులో సెనేట్ 68–24 ఓట్లతో ఆమోదించింది.

ఆ తర్వాత ఇరుపక్షాల లెక్కలూ తప్పాయి. 1986లో ఎయిడ్స్ మీద ఇచ్చిన నివేదికలో కూప్ కండోముల గురించి, పిల్లలకు లైంగిక విద్య గురించి దాపరికం లేకుండా రాశాడు. 1988లో అదే విషయంపై ఒక కరపత్రం 10 కోట్లకు పైగా ఇళ్లకు టపాలో చేరింది. గర్భస్రావం మహిళల మనసుకు చేసే హాని మీద నివేదిక కావాలని రీగన్ అడిగితే, నిర్ధారణకు వచ్చేంత ఆధారాలు లేవని 1989 జనవరిలో జవాబు రాశాడు. ఆయన్ను తెచ్చుకున్నవాళ్లే కంగుతిన్నారు. కూప్ అనుభవం మీద 1981లో లేచిన ప్రశ్న న్యాయమైనదే. కానీ దాన్ని బలంగా అడిగించింది గర్భస్రావం మీద ఆయన అభిప్రాయమే.

1995లో క్లింటన్ ప్రతిపాదించిన హెన్రీ ఫాస్టర్ స్త్రీవైద్య నిపుణుడు. నాష్‌విల్‌లో కౌమార గర్భాలను తగ్గించే కార్యక్రమం నడిపాడు, అంటే ప్రజారోగ్య అనుభవం చేతిలో ఉంది. అయినా చర్చంతా ఆయన ఎన్ని గర్భస్రావాలు చేశారన్న దగ్గరే చిక్కుకుంది. మొదట ఒకటన్నారు, తర్వాత డజను లోపన్నారు, ఆపైన 39 అని తేలింది. అంకె మారినకొద్దీ ఆయన మాట మీద నమ్మకం సడలింది. అప్పటి సెనేట్ నిబంధన ప్రకారం చర్చ ముగించి ఓటింగుకు వెళ్లడానికి 60 ఓట్లు కావాల్సి ఉండేది. రెండుసార్లు ప్రయత్నించినా 57 దగ్గరే ఆగిపోయాయి.

కర్ణాటక మూలాలున్న వివేక్ మూర్తి పేరును ఒబామా 2013 నవంబరులో ప్రతిపాదించారు. అప్పటికి వయసు 36. చిన్నవాడనీ, ఒబామాకు ప్రచారం చేసిన మనిషనీ రిపబ్లికన్లు పెదవి విరిచారు. అసలు నిప్పు 2012లో ఆయన పెట్టిన ఒక ట్వీటు. తుపాకులు ఆరోగ్య సమస్యేనని, నాయకులు తుపాకీ సంఘానికి జంకుతున్నారని అందులో ఉంది. ఆ సంఘం, ఎన్‌ఆర్‌ఏ, బహిరంగంగా ఎదురు తిరిగింది. తుపాకీ ఓట్లు బలంగా ఉన్న రాష్ట్రాల డెమోక్రాట్లకు ఎన్నికలు ముందున్నాయి, వాళ్లూ వెనకాడారు. ఎబోలా భయం అమెరికాను ఊపేస్తున్న రోజుల్లో సెనేట్ ఆమోదం పొందిన సర్జన్ జనరల్ లేరు. ఎన్నికలయ్యాక 2014 డిసెంబరులో 51–43తో మూర్తి గట్టెక్కారు. ఫాస్టర్ కంటే ఆరు ఓట్లు తక్కువ! మధ్యలో మారింది సెనేట్ నిబంధన. 2013 నవంబరు నుంచి ఇలాంటి నియామకాలకు మామూలు మెజారిటీ చాలు.

ట్రంప్ రెండో హయాంలో పేచీ నేరుగా డాక్టరు పట్టాల మీదికే వచ్చింది. మొదట ప్రతిపాదించిన జానెట్ నెషైవాట్ వైద్యం చదివింది కరీబియన్ కళాశాలలోనని, ఆర్కాన్సాలో చేసింది రెసిడెన్సీ (పట్టా తర్వాతి ఆసుపత్రి శిక్షణ) మాత్రమేనని వార్తలొచ్చాయి. 2025 మేలో ఆమె పేరు వెనక్కి తీసుకున్నారు. ఆ స్థానంలో ప్రతిపాదించిన కేసీ మీన్స్ స్టాన్‌ఫర్డ్‌లో వైద్యం చదివారు గానీ, శస్త్రచికిత్స రెసిడెన్సీ మధ్యలోనే వదిలేశారు. లైసెన్సు కూడా వాడుకలో లేదు. సంప్రదాయ వైద్యవ్యవస్థ మీద అసంతృప్తితోనే బయటికొచ్చానన్న ఆమె మాటనే మద్దతుదారులు అర్హతగా చూపారు, విమర్శకులు లోపంగా ఎత్తిచూపారు. సర్జన్ జనరల్ నియామకానికి సంబంధించిన చట్టవాక్యంలో రెసిడెన్సీ ఊసు లేదు, లైసెన్సు ఊసూ లేదు. అదే సర్జన్ జనరల్ కింద పనిచేసే యూనిఫారం దళంలో డాక్టరుగా చేరాలంటే మాత్రం చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాల్సిందే.